ఒకటి, రెండు తరగతులకు వారపు కృత్యాలు: ఎన్ని, ఏవి, ఏ రోజు?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుని సమాధానంలోకి వెళ్తాను. మీరు ఈ మధ్యే డీఎస్సీ ద్వారా ఎస్జీటీగా, అంటే ప్రాథమిక తరగతుల టీచరుగా ఎంపికై, నల్లమల అంచున ఉన్న ఒక ఇద్దరు ఉపాధ్యాయుల బడిలో చేరారు. ఒకటి, రెండు తరగతులు కలిపి 22 మంది పిల్లలు మీ గదిలో ఉన్నారు. వారిలో కొందరు పక్క తండా నుంచి వస్తారు. ప్రతి ఆదివారం ఫోన్‌లో కొత్త కృత్యాలు వెతికి, ఛార్టులు కత్తిరించి, రంగులు వేసి తీసుకువెళ్తున్నా, బుధవారం వచ్చేసరికి చేయించడానికి ఏమీ మిగలడం లేదని, గది అల్లరిగా మారుతోందని, శనివారం చూసుకుంటే ఎవరికి ఏం వచ్చిందో చెప్పలేకపోతున్నానని రాశారు. వారానికి ఎన్ని కృత్యాలు వేసుకోవాలి, ఏ రోజు ఏది చేయించాలి, మాధ్యమం ఇంగ్లిషు కాబట్టి అన్నీ ఇంగ్లిషులోనే చేయించాలా అన్నవి మీరు అడిగిన మూడు విషయాలు.

సూటిగా చెప్పాలంటే వారానికి నాలుగు కృత్యాలు చాలు, ఆ నాలుగూ ఏడాది పొడవునా అవే ఉండవచ్చు. ప్రతి వారం మారవలసినవి ఆ కృత్యాల్లో వాడే వస్తువు, మాటలు, అంకెలు మాత్రమే. ఆ నాలుగింటిని నేను మా బడిలో ముచ్చట, అక్షరాల పని, లెక్కల పని, చేతి పని అని పిలుస్తాను. వారానికి ఒకే వస్తువును ఎంచుకుని, ఈ నాలుగు పనులనూ దాని చుట్టూనే నడిపిస్తాను. శనివారం కొత్తది ఏదీ మొదలుపెట్టను.

ఇలా ఎందుకంటున్నానో వివరిస్తాను. ఆరేళ్ళ పిల్లవాడికి ఒక కొత్త కృత్యం పరిచయం చేసినప్పుడు, ఎక్కడ కూర్చోవాలి, ఎవరి వంతు ఎప్పుడు, గింజలు ఎక్కడి నుంచి తీసి ఎక్కడ పెట్టాలి అన్న నియమాలు అర్థం కావడానికే ఆ పీరియడంతా పడుతుంది. మరునాడు మళ్ళీ కొత్త కృత్యమైతే మళ్ళీ నియమాలే నేర్చుకుంటాడు తప్ప అందులోని అక్షరం దాకా, లెక్క దాకా రాడు. అదే కృత్యం మూడో వారం చేస్తున్నప్పుడు మీరు నోరు విప్పకుండానే పిల్లలు గుండ్రంగా కూర్చుంటారు, వంతులు వాళ్ళే చూసుకుంటారు, అప్పుడు మీకు నలుగురైదుగురు పిల్లల పక్కన కూర్చుని వాళ్ళు చదివేది వినడానికి సమయం దొరుకుతుంది. ఒకటో తరగతిలో చదవడం నేర్పే పనిలో అసలైన భాగం ఈ వినడమే అని నా నమ్మకం.

మన సమయం లెక్క కూడా చూసుకోవాలి. విద్యాహక్కు చట్టం 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలని చెబుతుంది. అంటే రోజుకు నాలుగు గంటలు. రెండు తరగతులు ఒకే గదిలో ఉన్నప్పుడు ఒక్కో తరగతికి మీరు నేరుగా ఇవ్వగలిగేది అందులో సగమే. మిగిలిన సగంలో పిల్లలు మీ సాయం లేకుండా చేసుకోగల పని ఉండి తీరాలి, అలాంటి పని అలవాటైన కృత్యమే కాగలదు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం వారు తమ చుట్టుపక్కల పల్లె బడుల కోసం తయారుచేసిన కార్డులు, అభ్యసన నిచ్చెన ఈ ఇబ్బందికి పరిష్కారంగానే పుట్టాయి. అక్కడ పిల్లవాడు నిచ్చెనలో తాను ఏ మెట్టు మీద ఉన్నాడో చూసుకుని, ఆ మెట్టు కార్డు తానే తీసుకుని పని మొదలుపెడతాడు. ఆ స్థాయి ఏర్పాటు మనకు మొదటి ఏడాదే సాధ్యం కాకపోయినా, పిల్లవాడు తన పనిని తానే మొదలుపెట్టగలగాలన్న ఆ సూత్రాన్ని మాత్రం ఈ వారం నుంచే పాటించవచ్చు.

మీ మండలంలో పదవీ విరమణకు దగ్గరైన సీనియర్లు ఎవరైనా ఉంటే ఏపీపీఈపీ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు) శిక్షణల గురించి అడగండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1990ల మొదట్లో ఆ శిక్షణలు పెద్ద ఎత్తున జరిగాయి. ఉపాధ్యాయుడు తానే కృత్యం రూపొందించుకోవడం, ఊరి పరిసరాలను వాడుకోవడం, వ్యక్తిగతంగా, జట్టుగా, తరగతి మొత్తంగా పని చేయించడం, పిల్లలు చేసినదాన్ని గోడమీద ప్రదర్శించడం అప్పటి సూత్రాల్లోనివే. 2022లో తెలంగాణలో మొదలైన తొలిమెట్టు, 2021 జులైలో కేంద్రం ప్రారంభించిన నిపుణ్ భారత్, రెండూ చిన్న తరగతుల్లో చదవడం, రాయడం, లెక్కలకు పునాది వేసే కార్యక్రమాలే. పేర్లు వేరైనా, తరగతి గదిలో చేయవలసిన పని దగ్గరికి వచ్చేసరికి వాటికీ ఈ పాత సూత్రాలకూ పెద్ద తేడా లేదు.

ఇప్పుడు ఒక వారాన్ని పూర్తిగా చూపిస్తాను. జులైలో నేను ఎంచుకునే వస్తువు ఆకులు. డబ్బు ఖర్చు లేదు, వానలు పడి చెట్లన్నీ పచ్చగా ఉంటాయి, మీ ప్రాంతానికైతే మరీ అనువైనది.

సోమవారం ముచ్చట. ప్రతి ఒక్కరూ దారిలో రాలిన ఆకులు రెండు తెమ్మని శుక్రవారమే చెప్పి పంపండి. అందరూ గుండ్రంగా కూర్చున్నాక ఒక్కొక్కరు తమ ఆకు చూపించి, అది ఏ చెట్టుది, ఎక్కడ దొరికింది, ఇంట్లో దేనికి వాడతారు అన్న మూడు సంగతులు చెప్పాలి. మామిడాకులు తోరణానికని, మోదుగాకులు విస్తర్లకని, తునికాకు కోయడానికి ఎండాకాలం అమ్మానాన్నలు అడవికి వెళ్తారని వాళ్ళే చెబుతారు. ఈ ముచ్చటలో మీరు తప్పులు దిద్దవద్దు, ఎవరి యాసను వారిని మాట్లాడనివ్వండి. తండా పిల్లలు మొదట తమ భాషలోనే చెప్పాలని నేను కోరుకుంటాను. ఇంట్లో అమ్మను ‘యాడి’ అని పిలిచే పిల్లకు తెలుగు రెండో భాష. ఆమె మౌనాన్ని రాకపోవడంగా లెక్కగట్టకూడదు. మా తరగతిలో అలాంటి ఒక పాప కొన్ని వారాలపాటు వంతు వచ్చినప్పుడల్లా తల వంచుకునేది. ఆకు పేరు లంబాడీలో చెప్పమని, దాన్ని మిగతా పిల్లలందరి చేతా పలికించడం మొదలుపెట్టాక, నోరు తిరగని వాళ్ళకు తానే మళ్ళీ మళ్ళీ చెప్పి పలికించేది. ఆ తరువాత తెలుగు పేరు అడిగి తెలుసుకోవడం కూడా ఆమే మొదలుపెట్టింది.

మంగళవారం అక్షరాల పని, వారంలో అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడే. పిల్లలు తెచ్చిన ఆకుల పేర్లలోంచే ఆ వారం నేర్పవలసిన అక్షరాలను, గుర్తులను ఎంచుకోవాలి. జామ, రావి, తాటి, మామిడి అనే నాలుగు మాటల్లోనూ దీర్ఘం ఉంది కాబట్టి ఒకటో తరగతికి ఆ వారం దీర్ఘమే పాఠం. మొదట చెవికి, తరువాత చేతికి. పడు–పాడు, కలం–కాలం, పలు–పాలు అని జంటలుగా పలికి, పొట్టి శబ్దానికి ఒక చప్పట్టు, పొడుగు శబ్దానికి చేతులు రెండూ పక్కలకు చాపడం అని పెట్టుకోండి. శబ్దంలో తేడా చెవికి తెలిసిన తరువాతే నల్లబల్ల మీద దీర్ఘం గుర్తు చూపించాలి. ఆ తరువాత పలక మీద రాయించాలి.

ఒక పిల్లవాడు ‘జామ’ను ‘జమ’ అని రాశాడనుకుందాం. ఎర్ర గీత పెట్టి పక్కన సరైనది రాసి ఇస్తే దాన్ని చూసి దించుతాడు, అంతకు మించి జరిగేది తక్కువ. దానికి బదులు అతని పలకను చేతిలోకి తీసుకుని, అతను రాసినట్టే ‘జ...మ’ అని పైకి చదవండి. రాసిన పిల్లవాడే చాలాసార్లు ‘అది కాదు, జా...మ’ అని సరిచేస్తాడు. అప్పుడు ‘మరి పొడుగు శబ్దం ఎక్కడ రాశావు?’ అని అడిగితే చాలు, దీర్ఘం ఎక్కడ రావాలో వేలుపెట్టి చూపిస్తాడు. ఇలా దిద్దుకున్న దీర్ఘం తరువాతి మాటల్లోనూ నిలబడుతుంది.

అదే సమయంలో రెండో తరగతికి అదే ఆకుల నుంచి వత్తులు ఇవ్వవచ్చు. మర్రి, తుమ్మ, నిమ్మ, మద్ది, జువ్వి అన్నీ ద్విత్వాక్షరాలే. ఐదు మాటలను కాగితపు ముక్కల మీద రాసి, వాటి ఆకులతో జతపరచమని, ఆ తరువాత ఒక్కో మాటతో ఒక వాక్యం రాయమని చెప్పి వదిలేస్తే, మీరు ఒకటో తరగతి దగ్గర ఉన్న ఇరవై నిమిషాలూ వాళ్ళు పనిలోనే ఉంటారు. ఆపై తారుమారు చేసుకోండి: ఒకటో తరగతి పలకల మీద ఆకు బొమ్మ గీసి పేరు రాస్తుంటే, మీరు రెండో తరగతి వాక్యాలు వినండి.

వర్ణమాలను ‘అ’ నుంచి ‘ఱ’ దాకా వరుసగా ముగించాకే మాటలు అనే పద్ధతిని కొందరు తల్లిదండ్రులు, అప్పుడప్పుడు మన తోటి ఉపాధ్యాయులు కూడా గట్టిగా కోరతారు. వరుస నోటికి రావడం మంచిదే, ప్రార్థన తరువాత రోజూ అందరిచేతా పలికించవచ్చు. చదవడానికి మాత్రం ల, వ, త, క, ప, న, మ, గ వంటి తరచుగా వచ్చే అక్షరాలతో తల, వల, పలక, గంప, వనం వంటి మాటలు వెంటనే కట్టగలిగే దారి త్వరగా ఫలితమిస్తుంది, ఎందుకంటే రెండో వారానికే పిల్లవాడు అర్థమున్న మాట ఒకటి తానుగా చదవగలుగుతాడు. ప–వ–ష, మ–య, డ–ద–ధ వంటి పోలిక గల అక్షరాలను మాత్రం ఒకే వారంలో పరిచయం చేయవద్దు. ఒకటి స్థిరపడ్డాక, కొన్ని వారాల ఎడం ఇచ్చి రెండోది తీసుకురండి.

బుధవారం లెక్కల పని. ఆకులను ఆకారాన్ని బట్టి, అంచును బట్టి, పొడవును బట్టి కుప్పలు పోయించడం మొదటి సగం. ఎలా విడదీశారో చెప్పించడం అందులో భాగమే, ఎందుకంటే ఆ కారణం చెప్పడంలోనే ఆలోచన ఉంది. రెండో సగానికి కొబ్బరి ఈనెలు వాడండి. సమానంగా విరిచిన ఈనెలు, కొన్ని రబ్బరు బ్యాండ్లు ఉంటే ఏడాది పొడవునా స్థానవిలువలకు మరే సామగ్రీ అక్కరలేదు. పది ఈనెలు ఒక కట్ట. పదమూడు అనగానే 103 అని రాసే పిల్లలు ప్రతి ఏడాదీ కనిపిస్తారు. వాళ్ళు విన్నది విన్నట్టే రాస్తున్నారు: పది, ఆపైన మూడు. ఒక కట్ట, మూడు విడి ఈనెలు నేల మీద పెట్టి, కట్ట కింద 1, విడివాటి కింద 3 రాయిస్తే చాలా మందికి అక్కడే విషయం తెలుస్తుంది. తెలుగులో పదకొండు, పన్నెండు, పంతొమ్మిది పేర్లు అంకెలను నేరుగా చెప్పవు, ఇరవై ఒకటి దాటాక పేర్లు వరుసలో పడతాయి. అందుకని 11 నుంచి 19 వరకు రెండు వారాలు కేటాయించినా ఆలస్యమైందని కంగారు పడవద్దు, 20 తరువాత బండి దానంతటదే వేగం అందుకుంటుంది. రెండో తరగతి వారు అదే ఈనెలతో 35లోంచి 18 తీసివేయవచ్చు. విడి ఈనెలు ఐదే ఉన్నప్పుడు ఎనిమిది ఎలా తీయాలన్న చిక్కు వచ్చి, ఒక కట్ట విప్పక తప్పదని వాళ్ళే కనిపెట్టేదాకా ఆగండి. నిపుణ్ లక్ష్యాల ప్రకారం ఒకటో తరగతి చివరికి 99 వరకు, రెండో తరగతి చివరికి 999 వరకు సంఖ్యలు రావాలి. ఈనెల కట్టలు బాగా అలవాటైన పిల్లలకు ఆ రెండూ భారం కావు.

గురువారం చేతి పని. ఆకు ఈనెలు తేలిన వైపు పైకి పెట్టి, దాని మీద కాగితం పరిచి క్రేయాన్ అడ్డంగా రుద్దితే ఆకు అచ్చు పడుతుంది. దాని కింద ఒకటో తరగతి పిల్లలు ‘ఇది జామ ఆకు’ అని ఒక వాక్యం, రెండో తరగతి వారు మూడు వాక్యాలు రాస్తారు. ఆ కాగితాలన్నీ దారంతో కుట్టి ఆకుల పుస్తకం చేయండి. పిల్లలు తాము రాసుకున్న పుస్తకాన్ని చదివినంత ఇష్టంగా మరి దేన్నీ చదవరు, శుక్రవారం చదివే పాఠం కూడా అదే అవుతుంది. అదే రోజు సాయంత్రం ఆటల పీరియడ్‌లో వీరివీరి గుమ్మడిపండు ఆడించి, కళ్ళు మూసిన పిల్లవాడి చేతిలో ఒక ఆకు పెట్టి, తడిమి పేరు చెప్పమనండి.

శుక్రవారం జంట చదువు. రెండో తరగతి పిల్లవాడు ఒకరు, ఒకటో తరగతి పిల్లవాడు ఒకరు కలిసి ఆ పుస్తకంలోని పేజీలు చదువుతారు. ఈ ఏర్పాటు వారానికి ఒక్కసారికి మించకూడదని నా అభిప్రాయం. చురుకైన పిల్లలను రోజూ చిన్న ఉపాధ్యాయులుగా నిలబెడితే వాళ్ళ సొంత చదువు వెనకబడుతుంది.

శనివారం పిల్లలు కోరిన కృత్యం ఒకటి మళ్ళీ చేయించండి, ఒక కథ చెప్పండి, సామగ్రి సర్దించండి. ఆ వారం బడికి రాని పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని విడిచిపోయినది అందించేది కూడా ఆ రోజే.

ఎవరికి ఏం వచ్చిందన్న మీ బెంగకు ఒక నోటుపుస్తకం చాలు. ఒక్కో పిల్లకు ఒక పేజీ. సోమవారం నుంచి శుక్రవారం వరకు రోజుకు నలుగురైదుగురిని విన్నా 22 మందీ వారంలో ఒకసారి మీ దగ్గరికి వస్తారు. విన్న ప్రతిసారీ ఒకే వాక్యం రాయండి: ‘జామ, తాటి చదివింది, రావిలో గుడి దగ్గర ఆగింది.’ మార్కు, గ్రేడు అక్కరలేదు. శనివారం మధ్యాహ్నం ఆ పేజీలు తిరగేస్తే గుడి దగ్గర ఆగినవారు ఐదుగురని తెలుస్తుంది, వచ్చే వారం అక్షరాల పనిలో మొదటి వరుసలో కూర్చోవలసినవారు వాళ్ళే. రెండో తరగతి చివరికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు చదవాలన్న లక్ష్యం మీ శిక్షణలో చెప్పి ఉంటారు. ఏడాది చివరి అంచనాకు అది పనికొస్తుంది గాని, వారం వారం గడియారం పెట్టి చదివించడం మాత్రం చేయవద్దు. భయపడిన పిల్లవాడు అక్షరాలను ఊహించి చదవడం మొదలుపెడతాడు, ఆ అలవాటు మాన్పించడం చాలా కష్టం.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి. ఆకుల వారంలో జిల్లేడు, గన్నేరు, ఉమ్మెత్త తేకూడదని ముందే స్పష్టంగా చెప్పండి. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం, మిగతా రెండూ విషపూరితం. పని అయ్యాక అందరిచేతా సబ్బుతో చేతులు కడిగించాకే మధ్యాహ్న భోజనానికి పంపండి. ఏ కృత్యానికీ ఇంటి నుంచి డబ్బు పెట్టి కొనవలసిన వస్తువు అడగవద్దు, తేలేని పిల్లవాడు ఆ రోజు బడి మానేస్తాడు. కూర్చుని చేసే పని ఏదైనా పదిహేను, ఇరవై నిమిషాలకు మించి సాగనివ్వకండి. లేపి, నడిపించి, మళ్ళీ కూర్చోబెట్టండి. పిల్లలు చేసినవి గోడకు వాళ్ళ కళ్ళ ఎత్తులోనే అతికించండి. పైకప్పు దగ్గర వేలాడే రంగుల ఛార్టు చూడడానికి వచ్చిన అధికారికి కనిపిస్తుందేమో గాని, ఆరేళ్ళ పిల్లవాడు దాన్ని చదవలేడు.

ఆకుల తరువాత ఏమిటంటే ఏడాదికి సరిపడా వస్తువులు మన ఊళ్ళోనే ఉన్నాయి. బడి తెరిచిన జూన్‌లో పిల్లల పేర్లే అక్షరాల పనికి చాలు. ఆగస్టులో గింజలు. బతుకమ్మ సెలవులకు ముందు వారం తంగేడు, గునుగు, బంతి పూలు. వాటిని వరుసలుగా పేర్చడంలో రంగుల క్రమం, లెక్క రెండూ వస్తాయి. సంక్రాంతి ముందు ముగ్గులు, ఇవి చుక్కల లెక్కకూ చేతి తిప్పుకూ నాకు తెలిసినంతలో అన్నిటికన్నా మంచి సాధన. ఆ తరువాత సంత, నాణేలు. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక నీళ్ళు. గ్లాసు, చెంబు, బిందెలతో కొలతలు.

ఇక ఇంగ్లిషు సంగతి. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022–23 నుంచి ఇంగ్లిషు మాధ్యమం వచ్చిన మాట నిజమే, అయితే పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిషుగా ద్విభాషలో ఇచ్చారన్నది గుర్తుంచుకోండి. ముచ్చట ఎప్పుడూ తెలుగులో, తండా పిల్లలకు వాళ్ళ భాషలో. 2020 జాతీయ విద్యావిధానం కూడా వీలైనంతవరకు ఐదో తరగతి దాకా ఇంటి భాషలో బోధన జరగాలనే చెబుతోంది. ముచ్చట అయ్యాక ఆ వారపు వస్తువుకు సంబంధించిన నాలుగైదు ఇంగ్లిషు మాటలు, ఒక వాక్యం ఇవ్వండి: లీఫ్, గ్రీన్, బిగ్, స్మాల్, ‘దిస్ ఈజ్ ఎ లీఫ్.’ ఆకు చేతిలో పట్టుకుని పలికిన మాట అర్థంతో సహా గుర్తుంటుంది. ఇంగ్లిషు అక్షరాలకు వేరే పీరియడ్ ఉండాలి. తెలుగు దీర్ఘం నేర్పే గంటలోనే అవి కలిపితే రెండూ చెడతాయి.

‘ఆటలే ఆడిస్తున్నారు, రాయించడం లేదు’ అని తల్లిదండ్రులు అంటున్నారని కూడా మీరు రాశారు. వాళ్ళు అడుగుతున్నది న్యాయమే, బిడ్డ ఏం నేర్చుకున్నాడో వాళ్ళకు కనబడాలి. శనివారం ప్రతి పిల్లవాడి చేతికీ ఆ వారం రాసిన ఒక కాగితం ఇచ్చి, ఇంట్లో అమ్మకో నాయనమ్మకో చదివి వినిపించమని పంపండి. చదువురాని తల్లి కూడా బిడ్డ వేలు పెట్టి చదువుతుంటే గుర్తిస్తుంది. మా దగ్గర రెండు నెలలు తిరిగేసరికి ఆ మాట ఆగిపోయింది, కాగితం రాని శనివారం ఎందుకు రాలేదని అడిగేవారు తయారయ్యారు.

చివరిగా ఒక్క మాట, నాలుగు పనులనూ వచ్చే సోమవారమే ఒకేసారి మొదలుపెట్టవద్దు. మొదటి వారం ముచ్చట, చేతి పని మాత్రమే చేయించండి. గుండ్రంగా కూర్చోవడం, వంతు కోసం ఆగడం, సామగ్రి తీసిన చోటే పెట్టడం ఆ వారంలో కుదురుకుంటాయి. రెండో వారం లెక్కల పని కలపండి, మూడో వారం అక్షరాల పని. అప్పటిదాకా అక్షరాలకు మీరు ఇప్పుడు చేస్తున్న పద్ధతే కొనసాగించండి. నోటుపుస్తకం మాత్రం మొదటి రోజు నుంచే ఉండాలి.